మాఘమాసం ముహూర్తానికి తొందరేముంది?

ప్రశ్న: నా వయసు 27. విశాఖపట్నంలో ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. ఏడాదిన్నరగా ఒకరిని ప్రేమిస్తున్నాను. ఆయనకు 30 ఏళ్ళు, గాజువాక వైపు ఒక కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. తనకు బైపోలార్ డిజార్డర్ ఉందని, ఆరేళ్ళుగా లిథియం మాత్రలు వాడుతున్నానని పరిచయమైన మూడో నెలలో ఆయనే చెప్పారు. మొన్న ఆషాఢ పౌర్ణమికి ఇద్దరం సింహాచలం గిరి ప్రదక్షిణకు వెళ్ళాం. అంతకు ముందు వారమంతా ఆయనకు నైట్ షిఫ్టు. మాత్రలు కూడా కొన్నాళ్ళుగా మానేశారని తరువాత తెలిసింది. ప్రదక్షిణ అయిన నాలుగో రోజుకు మనిషే మారిపోయారు. రాత్రంతా ఫోన్లు, రెండింటికి బైకు మీద భీమిలి ప్రయాణం, రెండు రోజుల్లో లక్షా ఎనభై వేల అప్పు, మా బ్యాంకు ముందు నలుగురూ చూస్తుండగా నన్ను అనరాని మాటలు. ఇంట్లోవాళ్ళు ఆసుపత్రిలో చేర్చారు, 18 రోజులు ఉన్నారు. ఇంటికి వచ్చి మూడు నెలలైంది. మందులు వేసుకుంటున్నారు గానీ సరిగా మాట్లాడరు, నా ముఖం చూడరు. ఒకసారి "నువ్వు కూడా వెళ్ళిపోతే ఇక నేను ఉండి ఎందుకు" అన్నారు. మాఘమాసంలో పెళ్ళి చేసేద్దామని, జబ్బు సంగతి మా అమ్మానాన్నలకు చెప్పవద్దని వాళ్ళ అమ్మగారు బతిమాలుతున్నారు. మా ఇంట్లో మా అప్ప ఒక్కతెకే అన్నీ తెలుసు, ఆమె వదిలేయమంటోంది. వదిలేస్తే నేను స్వార్థపరురాలినవుతానా? ఆ రోజు అన్నవే ఆయన మనసులోని మాటలా?
— పేరు వద్దన్న పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. వాటికంటే ముందు, మధ్యలో ప్రశ్నగా కాకుండా రాసి దాటిపోయిన ఒక వాక్యం గురించి మాట్లాడాలి. "ఇక నేను ఉండి ఎందుకు" అన్న మాటను ఆయన ఏ అర్థంతో అన్నారో మీరు అడిగారా? బైపోలార్ జబ్బులో, అంటే మనసు ఉద్రేకానికీ కుంగుబాటుకూ మధ్య ఊగే ఈ జబ్బులో, ఆత్మహత్య ప్రమాదం మామూలు జనంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఉద్రేకపు దశ దిగిపోయిన తరువాత, చేసినవన్నీ గుర్తుకొచ్చి సిగ్గుతో కుంగిపోయే ఈ నెలలు అందులోనూ జాగ్రత్తగా ఉండవలసిన కాలం. మీరు మౌనం అనుకుంటున్నది మీ మీద విముఖత కాకపోవచ్చు. మేనియా (ఆ ఉద్రేకపు దశ) వెనకాలే డిప్రెషన్ (కుంగుబాటు) రావడం ఈ జబ్బులో చాలా మామూలు. అందువల్ల నిద్ర ఎలా ఉంది, తింటున్నారా, పనికి వెళ్తున్నారా అని అడిగి, ఆ తరువాత "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా" అని తిన్నగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు, కానీ అది నిజం కాదు. అడిగినవారి దగ్గర మనిషి భారం దించుకోగలుగుతాడు. జవాబు ఏదైనా సరే, ఆ మాట అన్నట్టు ఆయన తల్లిగారికి, డాక్టరుకు తెలియాలి. లిథియం మోతాదు మించితే ప్రాణానికే ముప్పు కనుక, నెల మాత్రలన్నీ ఆయన గదిలో ఉంచకుండా వారానికి సరిపడా మాత్రమే ఇచ్చి మిగిలినవి తల్లిగారు దాచడం మంచిది. ఏ రాత్రయినా మీకు దిక్కు తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే ఫోన్లతో కాలం గడపకుండా కింగ్ జార్జ్ ఆసుపత్రికో (కె.జి.హెచ్.), వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకో తీసుకువెళ్ళాలి. ఆ వైద్యశాలను మన ఊళ్ళో ఇంకా పిచ్చాసుపత్రి అనే అంటారు, ఆ మాటకు జంకి గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగిన కుటుంబాలను నేను చూశాను. మీరు మాత్రం జంకవద్దు.

ఇక ఆ రోజు అన్న మాటలు. తాగినవాడి నోట నిజం వస్తుందని మనవాళ్ళు నమ్ముతారు, ఆ నమ్మకాన్నే ఈ జబ్బుకు కూడా అన్వయించి, బుద్ధి అదుపు తప్పినప్పుడు లోపల దాచుకున్నది బయటపడిందని అనుకుంటారు. మేనియాలో జరిగేది అది కాదు. నిద్ర అక్కర్లేదనిపిస్తుంది, ఆలోచనలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పరిగెడతాయి, తాను అందరికంటే గొప్పవాడినన్న భావన పెరిగిపోతుంది, అడ్డు చెప్పిన ప్రతివాళ్ళూ శత్రువుల్లా కనిపిస్తారు. ఆ స్థితిలో అందరికంటే దగ్గరగా ఉండి, "ఇంటికి పదండి, పడుకోండి" అని అడ్డు చెప్పింది మీరే కాబట్టి ఆ మాటలు మీ మీద పడ్డాయి. అంతమాత్రాన మీ గాయం లేకుండా పోదు. మీరు రోజూ పనిచేసే చోట, మీ తోటి ఉద్యోగుల ఎదుట జరిగిన అవమానం అది. జబ్బు వల్ల అన్నారన్నది కారణం అవుతుంది గానీ క్షమాపణకు బదులు కాదు. కోలుకున్న తరువాత ఆయన మీ ఎదుట కూర్చుని ఆ రోజు గురించి మాట్లాడాలి, ఆ అప్పు ఎలా తీరుస్తారో చెప్పాలి. ఇప్పుడే కాదు, కుంగుబాటు కొంత తగ్గనివ్వండి. కానీ ఎప్పటికీ మాట్లాడకుండా, జరగనట్టే ఊరుకునే పద్ధతి మాత్రం ఒప్పుకోవద్దు.

"వదిలేస్తే స్వార్థపరురాలినా" అన్నారు. కాదు. ఏ జబ్బూ లేని మనిషిని కాదనడానికి మీకు ఎంత హక్కు ఉందో ఈయనను కాదనడానికీ అంతే ఉంది. ఉంటే ఆయన మీద ఇష్టంతో ఉండాలి. వెళ్ళిపోతే ఏమైపోతారోనన్న భయంతో ఉండిపోయిన బంధం కొన్నాళ్ళకు కాపలా ఉద్యోగంగా మారుతుంది, ఆ సంగతి మీకంటే ముందు ఆయనకే అర్థమవుతుంది. విడిపోవాలనే నిశ్చయిస్తే, ఆయన నిలకడగా ఉన్న రోజున, పగటిపూట, మర్యాదగా మీ నోటితో చెప్పండి. చెప్పబోతున్నట్టు ఆయన తల్లికో అన్నదమ్ములకో ముందే తెలియజేసి, ఆ రాత్రి ఆయన ఒంటరిగా ఉండకుండా చూడమనండి. మీ వంతు బాధ్యత అంతవరకే. ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. జబ్బు దశలోనైనా, మామూలుగా ఉన్నప్పుడైనా, మీ మీద చేయి చేసుకునే పరిస్థితి వస్తే అక్కడ జాలికి తావు లేదు. ముందు అక్కడి నుంచి బయటపడండి, 112కు గాని మహిళల సహాయ నంబరు 181కి గాని ఫోన్ చేయండి, జబ్బు గురించిన చర్చ తరువాత చేసుకోవచ్చు.

ఇప్పుడు మీ అప్పగారి సలహా. ఆమె మిమ్మల్ని ప్రేమించే మనిషి, ఆ బ్యాంకు ముందు జరిగింది విన్న ఏ అప్ప అయినా అదే చెబుతుంది. అయితే ఆమె జబ్బు పేరు చూసి తీర్పు ఇస్తున్నారు. 2019 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఈ జబ్బుతో సుమారు 4 కోట్ల మంది జీవిస్తున్నారు. వారిలో ఉద్యోగాలు చేస్తూ, పిల్లల్ని పెంచుతూ, పక్కింటివారికి కూడా తెలియకుండా పదేళ్ళపాటు నిలకడగా ఉన్నవారూ ఉన్నారు, ఏడాదికి రెండుసార్లు ఆసుపత్రి పాలయ్యేవారూ ఉన్నారు. మీకు ముఖ్యం జబ్బు పేరు కాదు, ఆ జబ్బుతో ఈ మనిషి ఎలా మెలుగుతున్నాడన్నది. ఈ విషయంలో ఆయన పక్షాన ఒక మంచి సాక్ష్యం ఉంది, ఎదురుగా ఒకటి ఉంది. ఎవరూ అడగకుండానే మూడో నెలలో నిజం చెప్పారు, మన ఊళ్ళో ఇళ్ళకు ఇళ్ళే "నరాల బలహీనత" అని చెప్పుకుంటూ నడుపుకొచ్చే చోట అది చిన్న విషయం కాదు. అదే మనిషి మాత్రలు మానేసి, ఆ సంగతి మీకు చెప్పలేదు.

ఎందుకు మానేశారో అడగండి, నిందించే గొంతుతో కాకుండా తెలుసుకునే గొంతుతో. బాగానే ఉన్నాను కదా అని మానేసేవారున్నారు. చేతులు వణుకుతున్నాయని, ఒళ్ళు వస్తోందని, అస్తమానం దాహమని మానేసేవారున్నారు. ఉద్రేకపు దశలో ఉత్సాహంగా ఉండే ఆ తొలి రోజుల మీద బెంగతో మానేసేవారూ ఉన్నారు. వణుకో దాహమో అయితే డాక్టరు మోతాదు సరిచేయగలరు, మందు మార్చగలరు. "నాకు జబ్బే లేదు" అన్నది జవాబైతే మాత్రం మీ నిర్ణయం చాలావరకు అక్కడే తేలిపోయినట్టు. లిథియం ఒక్కసారిగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుందని ఆయనకు డాక్టరు చెప్పే ఉంటారు. మీరూ తెలుసుకోండి.

ఇక గిరి ప్రదక్షిణ. దాని వల్లే ఇదంతా జరిగిందని మీలో మీరు బాధపడుతున్నట్టు ఉత్తరం చదివితే అనిపించింది, ఎందుకంటే వెళ్దామన్నది మీరో ఆయనో మీరు రాయలేదు. దేవుడి దగ్గరకు వెళ్ళడం తప్పు కాదు. కానీ సుమారు 32 కిలోమీటర్ల నడక, రాత్రంతా జాగారం, దానికి ముందు వారం రోజుల నైట్ షిఫ్టు, పైగా మందు లేదు. బైపోలార్ ఉన్నవారికి నిద్ర లేకపోవడం జబ్బుకు లక్షణమే కాదు, చాలాసార్లు అదే కారణం కూడా అవుతుంది. రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోతే, మందులు సరిగా వాడుతున్నవారు కూడా అదుపు తప్పవచ్చు. ఆయన చేయవలసిన మొదటి పని డాక్టరు ధ్రువపత్రం పెట్టి నైట్ షిఫ్టుల నుంచి మినహాయింపు అడగడం, కుదరకపోతే జీతం కొంత తగ్గినా పగటి ఉద్యోగం వెతుక్కోవడం. పెళ్ళి ఖర్చుకంటే ఇది ముందు. మద్యం, గంజాయి అలవాటు ఏమైనా ఉందేమో కూడా మొహమాటం లేకుండా అడగండి, ఆ రెండూ ఈ జబ్బుకు ఆజ్యం పోస్తాయి.

మన ఊరి ఉక్కపోతలో లిథియం వాడేవారి దగ్గర ఉండేవారు తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. చెమట ఎక్కువగా పట్టి, నీళ్ళూ ఉప్పూ తగ్గితే రక్తంలో లిథియం మోతాదు పెరిగిపోతుంది. కటిక ఉపవాసాలు, విరేచనాలు, వాంతులు కూడా అంతే చేస్తాయి. కాళ్ళనొప్పులకు మందుల షాపులో అడిగి వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు కూడా ఆ మోతాదును పెంచుతాయి కనుక డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. చేతుల వణుకు బాగా పెరిగి, నడక తూలి, మాట ముద్దగా వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. కొన్ని నెలలకొకసారి, రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం ఇచ్చి లిథియం మోతాదు చూపించుకోవాలి, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించాలి. ఇవన్నీ మీరు చేయించాలని చెప్పడం లేదు. ఆయనే చేయించుకుంటున్నారా లేదా అన్నది మీరు గమనించాలని చెబుతున్నాను.

ఆయన తల్లిగారి మాట దగ్గరకు వస్తే నాకు మనసు బరువెక్కింది. "పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు" అన్న సామెత మీరు వినే ఉంటారు. అందరూ నవ్వుకుంటూ అనే ఆ సామెతలోని రెండో సగాన్ని మా ఇంట్లో నిజమని నమ్మారు. విజయనగరం దగ్గరి మా ఊళ్ళో మా చిన్నాన్నకు అలాగే పెళ్ళి చేశారు. పిన్నికి ఒక్క మాట చెప్పలేదు. మాత్రలు బియ్యం డబ్బాలో దాచి, ఆమె కంటబడినప్పుడు బలం మాత్రలన్నారు. ఆమెకు అనుమానం రాకూడదని చిన్నాన్న అవి వేసుకోవడమే మానేశాడు, మూడో నెలలో తిరగబెట్టింది. పిన్ని వెళ్ళిపోలేదు, ముప్పై ఏళ్ళకు పైగా ఆయనతోనే ఉంది. చిన్నాన్న పోయిన తరువాత ఒకరోజు నాతో అంది: "చెప్పి అడిగుంటే నేను ఒప్పుకునేదాన్నేమోనే. నన్ను అడగలేదు." ఆ మాట వినడం వల్లే నేను ఈ శీర్షికలో ఇలాంటి ఉత్తరాలకు ఇంత పొడుగు జవాబులు రాస్తున్నానేమో.

ఆ తల్లిగారిని నేను దుర్మార్గురాలనడం లేదు. ఆరేళ్ళుగా కొడుకును కాచుకుంటూ, తన తరువాత ఎవరన్న భయంతో ఆమె మిమ్మల్ని పట్టుకుంటున్నారు. కానీ ఆమె అడుగుతున్నది మీ కన్నవాళ్ళ దగ్గర మీరు ఒక అబద్ధాన్ని జీవితాంతం మోయమని. మీకు ముందే తెలుసు కాబట్టి రేపు మిమ్మల్ని ఎవరూ మోసం చేశారనడానికి లేదు. మీ అమ్మానాన్నలకు మాత్రం తెలియదు, మొదటిసారి తిరగబెట్టిన రోజున మీకు ఎవరి సాయం కావాలో వాళ్ళకే మీరు దాచినట్టవుతుంది. పైగా జబ్బును దాచాల్సిన ఇంట్లో మాత్రలు వేళకు పడవు, డాక్టరు దగ్గరకు వెళ్ళడానికి ప్రతిసారీ ఒక సాకు వెతకాలి. చట్టం సంగతి అడగలేదు గానీ రెండు మాటలు చెబుతాను. 1955 నాటి హిందూ వివాహ చట్టం మానసిక జబ్బు ఉన్నవారు పెళ్ళి చేసుకోకూడదని అనలేదు. సమ్మతి తెలపలేని స్థితి, దాంపత్యానికి, సంతానానికి తగనంత తీవ్రత, మతిభ్రమణం పదే పదే రావడం వంటి పరిస్థితులను అడ్డంకులుగా చెప్పింది. జబ్బు పేరు చూపించినంత మాత్రాన విడాకులు ఇవ్వడం కుదరదని, తీవ్రత ఎంతో చూడాలని 1988లో సుప్రీంకోర్టు ఒక స్కిజోఫ్రెనియా కేసులో చెప్పింది. కోర్టులు సైతం పేరును కాక మనిషిని చూడమంటున్నాయి.

మాఘమాసం మాత్రం వద్దు. ఆసుపత్రి నుంచి వచ్చి మూడు నెలలే అయిన మనిషిని, కుంగుబాటులో ఉన్నప్పుడు, పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టడం ఆయనకూ అన్యాయమే. ఇంతటి నిర్ణయానికి మళ్ళీ ఆషాఢం వచ్చేదాకా ఆగండి. అన్ని ఋతువులూ, పండుగలూ, ఆఫీసు ఒత్తిళ్ళూ గడిచేసరికి ఆయన మందులు ఎలా వాడుతున్నారో, నిద్ర ఎలా కాపాడుకుంటున్నారో, మీతో ఎంత తెరిచి మాట్లాడుతున్నారో మీకు కనబడుతుంది. అప్పటికి చేసుకోవాలనిపిస్తే పగటి ముహూర్తమే పెట్టించండి. మన పెళ్ళిళ్ళలో అర్ధరాత్రి ముహూర్తాలు, అంతకు ముందు రెండు రోజుల హడావుడి, తరువాత వ్రతాలు, చుట్టాలు, అంతా కలిపి వారం రోజులు నిద్ర ఉండదు. పంతులుగారిని అడిగితే పగటి లగ్నం దొరకకపోదు.

ఈలోగా ఇద్దరూ కలిసి ఒక కాగితం రాసుకోవాలి. ఆయన బాగున్న రోజున, ఆయన చేతిరాతతోనే ఉండాలి అది. మొదట కనిపించే గుర్తులేమిటి (చాలామందికి నిద్ర తగ్గడం, మాట వేగం పెరగడం, డబ్బు ఖర్చు), అవి కనిపిస్తే మీరు ఎవరికి ఫోన్ చేయవచ్చు, బైకు తాళాలు ఎవరు తీసుకోవాలి, ఫోన్‌లో డబ్బు పంపే పరిమితి ఎంతకు తగ్గించాలి, ఏ ఆసుపత్రికి వెళ్ళడానికి తనకు సమ్మతం, ఇవన్నీ అందులో ఉండాలి. బ్యాంకులో పనిచేసే మీకు ఆ పరిమితుల సంగతి నేను చెప్పనక్కర్లేదు. తనకు నిర్ణయం తీసుకునే శక్తి లేనప్పుడు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసి పెట్టుకునే హక్కును, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకునే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆయనకు ఇచ్చింది. దాన్ని ఎలా నమోదు చేయాలో డాక్టరునో లాయరునో అడగాలి. ఆ ప్రతినిధి తల్లిగారా, మీరా అన్నది ఇప్పుడే తేల్చవద్దు, పెళ్ళి కాని మీ మీద ఆ బరువు ఇప్పుడే పడనవసరం లేదు.

పిల్లల గురించి మీరు అడగలేదు, మీ అప్ప అడుగుతారు. తల్లిదండ్రుల్లో ఒకరికి బైపోలార్ ఉంటే బిడ్డకు అది వచ్చే అవకాశం సుమారుగా నూటికి 5 నుంచి 10 దాకా ఉంటుంది, అంటే రాకపోవడానికే అవకాశం చాలా ఎక్కువ. అంతకుమించి ఇప్పుడు ఆలోచించవద్దు.

అమ్మానాన్నలకు ఎప్పుడు చెప్పాలన్నది మిగిలింది. పెళ్ళి మాట వాళ్ళ ముందు పెట్టే రోజునే ఈ మాట కూడా పెట్టాలి, ఒక్కరోజు కూడా వెనక కాదు. అయితే ఇది ఆయన జీవితపు రహస్యం కనుక, చెబుతానని ఆయనకు ముందు చెప్పి, వీలైతే ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. తల్లిగారికి కూడా, "దాచి చేసుకోను అత్తయ్యగారూ, చెప్పి చేసుకునే రోజు వస్తే చేసుకుంటాను" అని నెమ్మదిగా, గట్టిగా చెప్పండి. ఇంకా అత్తయ్యగారు కాలేదనుకుంటే "అమ్మా" అనండి, మాట మాత్రం అదే.

ఆయన తరువాత డాక్టరు దగ్గరకు వెళ్ళే రోజు మిమ్మల్ని కూడా లోపలికి తీసుకువెళ్తారేమో అడగండి. రోగి సమ్మతి లేకుండా డాక్టరు మీకు ఏమీ చెప్పకూడదు, అది చట్టం. కాబట్టి తీసుకువెళ్ళడం, వెళ్ళకపోవడం పూర్తిగా ఆయన చేతిలో ఉంది. కుంగుబాటు వల్ల మొదటిసారి వద్దంటే బలవంతం చేయకండి, నెల తరువాత మళ్ళీ అడగండి. ఆషాఢం దాకా ప్రతిసారీ వద్దనే అంటే, ఆయనను ప్రేమిస్తూనే మీరు వెనక్కి తగ్గవలసి వస్తుందేమో. ఇవన్నీ తరువాతి సంగతులు. ఈ ఉత్తరం చదివిన రోజే చేయవలసింది ఒకటి ఉంది: "ఉండి ఎందుకు" అని ఎందుకన్నారో ఆయన పక్కన కూర్చుని అడగండి.